చెవి పుస్తకం

వంతు 1

అప్ప రాసుకోమంది కాబట్టి రాస్తున్నాను. లేకపోతే నాకూ కాగితానికీ చుట్టరికం లేదు. ప్రతి వంతు తర్వాత నాలుగు ముక్కలు రాస్తే భయం కాగితం మీదికి దిగిపోతుందట, చెవి తేలికపడుతుందట. అప్ప అంటే మా అక్క పైడితల్లి. నాకంటే తొమ్మిదేళ్ళు పెద్దది. మా పాలెంలో నాడిగది చూసుకునేది ఆమే. మూడువందల మంది ముంజేతులకు కట్టిన పట్టీలు చెప్పే సంగతులన్నీ ఆమె పలక మీద కనిపిస్తాయి. ఎవరికి జ్వరం రాబోతోందో వాళ్ళకంటే ముందు ఆమెకు తెలుస్తుంది. అలాంటి మనిషి చెబితే వినక చస్తానా.

రెండు నెలలుగా కుడి చెవిలో మోత. కాలిన పెనం మీద నీటిచుక్క పడితే చుయ్యిమంటుంది కదా, ఆ చప్పుడు ఆగకుండా సాగితే ఎలా ఉంటుందో అలా ఉంది. పొద్దున లేవగానే తల తిరుగుతోంది. మంచం కోడు పట్టుకుని లేస్తున్నాను.

ఇంకొకరికైతే ఇది చిన్న జబ్బే. నా పని గోడ వినడం. చెవి పోతే నా దగ్గర ఇంకేమీ లేదు.

వంతు 2

ఇవాళ పాలెంలో జనం కాపురముండే పన్నెండు అరలూ విన్నాను. బాగానే ఉన్నాయి.

మా ముత్తాతలు పడవ మీద కూర్చుని తెడ్డు నీళ్ళలోకి దించి, పిడికి చెవి ఆనించి, చేపల మంద ఎటు పోతోందో వినేవాళ్ళట. సముద్రం వాళ్ళ ఊళ్ళన్నీ తినేశాక మేం ఏకంగా సముద్రం కిందికే వచ్చి కాపురం పెట్టాం. పడవలు పోయాయి, తెడ్డు మాత్రం మిగిలింది. ఇప్పుడు దాని రెక్కను గోడకు ఆనిస్తాం. గోడలో వెంట్రుకవాసి పగులు పడినా అందులోంచి నీళ్ళు సన్నగా ఈల వేస్తాయి. గాలి పంపుల హోరులో యంత్రాలు ఆ ఈలను పోల్చుకోలేవు. అలవాటుపడ్డ చెవి పోల్చుకుంటుంది.

మధ్యాహ్నం పన్నెండింటికి వంటసావిడి గుమ్మంలో తెడ్డు నిలబెట్టి "గోడ సల్లగుంది" అంటాను. జనం "సల్లగుంటే సాలు" అంటారు. అప్పుడే పళ్ళెంలో చెయ్యి పెడతారు. మాట పడందే చంటిపిల్లలు తప్ప ఎవరూ ముద్ద ముట్టరు. ఎవరి వంతైతే వాళ్ళ నోటితోనే ఆ మాట రావాలి. వినేవాళ్ళు తమ చెవిలో మోత ఉందని చెప్పుకుంటే అదే రోజు తెడ్డు దించేయాలి. అందుకే నేను ఎవరికీ చెప్పలేదు, అప్పకు తప్ప.

వంతు 9

నా ముంజేతి పట్టీ మళ్ళీ పసుపు వెలిగింది. పొద్దున ఐదున్నరకు, సరిగ్గా తెడ్డు చేతిలోకి తీసుకునే వేళ. "కుడి చెవి నరం. గమనించండి." అంతే, ఇంకేమీ చెప్పదు.

గమనించక ఏం చేస్తాను? రోజంతా అదే పని. మొదటి అరలో ఒకసారి, మూడో అరలో రెండుసార్లు వేళ్ళు చెవి దగ్గర రాపాడించి కుడికీ ఎడమకీ తేడా ఉందా అని చూసుకున్నాను. ఒంటికాలి మీద నిలబడి చూసుకున్నాను. ఆరో అరలో ఒక ముసలావిడ "ఏటే, కొంగలాగ నిలబడ్డావు?" అని నవ్వింది. మెడ నరం మీద వేలు పెట్టి కొట్టుకోవడం లెక్కపెట్టాను. లెక్కపెట్టేకొద్దీ అది పరుగందుకుంది. చేతివేళ్ళు తిమ్మిరెక్కాయి.

వంతు దిగి నాడిగదికి పోయాను. అప్ప చెవిలో దీపం పెట్టి చూసింది.

"ఏటీ నేదే."

"మరి పట్టీ ఎందుకలాగంది?"

"గమనించమంది గాని జబ్బని అందేటి?"

అదీ నిజమే. బెల్లం ముక్క ఒకటి చేతిలో పెట్టి పంపింది. గది దాటేలోపు సగం భయం పోయింది. రాత్రికి మళ్ళీ మొత్తం వచ్చేసింది.

వంతు 14

ఈ సంగతి కూడా రాయాలి. కాగితం దగ్గర దాపరికం ఎందుకు.

మోత మొదలవకముందు ఒకరోజు తొమ్మిదో అరలో తెడ్డుకు చెవి ఆనించి కునుకు తీశాను. ఎంతసేపో తెలియదు. మెలకువ వచ్చేసరికి నోట్లోంచి చొంగ కారుతోంది. ఆ రోజు కూడా గుమ్మంలో నిలబడి "గోడ సల్లగుంది" అన్నాను. అప్పటికి తొమ్మిదో అర సగం విన్నాను, పదోదీ పదకొండోదీ పన్నెండోదీ విననే లేదు.

మా అమ్మ నాలుగో అరలో పోయింది. అప్పుడు నాకు పదకొండేళ్ళు. ఆ రోజు వినాల్సినవాడు వినలేదు. వాడి పేరు ఇప్పటికీ పాలెంలో ఎవరూ పలకరు. నా కునుకు సంగతి అప్పకు చెప్పుకుని ఏడ్చాను. "పోన్లే, ఎవలికీ సెప్పకు" అంది. ఆ తర్వాత వారానికే మొదటి పసుపు వెలిగింది. పాపం చేసిన చెవికే జబ్బు పట్టిందని అనుకున్నాను.

వంతు 23

ఒకటి కనిపెట్టాను. పళ్ళు గట్టిగా బిగిస్తే మోత పెరుగుతుంది. వదిలితే తగ్గుతుంది. ఇదేదో కొత్త రోగమని ఇంకో గంట భయపడ్డాను. అప్ప మాత్రం "అందరికీ అలాగే ఉంటాది, దవడ నరం సెవి పక్కనుంచే పోతాది" అంది.

నా పట్టీని ఇవాళ పదకొండుసార్లు అడిగాను, నాకేమైందని. పదకొండుసార్లూ "గమనించండి" అంది.

వంతు 41

పరువు పోయింది.

ఐదో అరలో ఈల వినబడింది. పరుగెత్తుకుంటూ పోయి గోడపెద్ద కొర్లయ్య బాబుకు చెప్పాను. గోడ విప్పాలన్నా మూయాలన్నా ఆయన మాటే. ఐదో అరలోని తొమ్మిది కుటుంబాలనూ బయటికి పంపి లోపలి రేకులు విప్పించాడు. రేకులకు పాకించిన చిక్కుడు తీగలన్నీ తెగిపోయాయి. కాయ దిగే రోజులు. లోపల గోడ పొడిగా, శుభ్రంగా ఉంది. కొండను తవ్వితే ఎలుకైనా దొరుకుతుందంటారు, మాకు అదీ దొరకలేదు.

ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండేది. సాయంత్రం వంతు వినే ఎల్లాజీ తాత మాత్రం "అనుమానం పెనుభూతం అన్నారమ్మా" అని తల నిమిరాడు. ఆయనకు అరవై దాటి చాలా రోజులైంది. సన్నని చప్పుడు ఆయన చెవికి ఎక్కదు. ఆయన నన్ను ఓదార్చాడు.

అప్పకు అన్నీ చెప్పాను. పలక తుడుస్తూ కూర్చుంది.

వంతు 58

అప్పకు జ్వరం. ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. నాడిగది తాళం వేశారు, పట్టీలు వాటంతట అవే చూసుకుంటాయట. వంతు దిగి అప్ప దగ్గరికే పోయాను.

వంతు 60

అప్పకు గంజి కాచాను. నాలుగు గుక్కలు తాగింది. పొద్దున కంటే నయం. అప్ప లేకపోతే నాకెవరున్నారు.

తల తిరగలేదు ఇవాళ. చూసుకునే తీరిక కూడా లేదు.

వంతు 63

మోత తక్కువ.

వంతు 66

అప్ప లేచి కూర్చుంది. దేవుడున్నాడు. ఇవాళ మోత ఉందో లేదో గుర్తు కూడా రాలేదు, ఇది రాస్తుంటే గుర్తొచ్చింది.

వంతు 67

అప్ప నాడిగది తలుపు తీసింది. వెళ్ళేముందు నా జడ వేసింది.

ఐదున్నరకు పసుపు. "కుడి చెవి నరం. గమనించండి." మొదటి అరలోనే తల గిర్రున తిరిగి గోడ పట్టుకున్నాను.

వంతు 74

ఈ పుస్తకం ఇవాళ మొదటినుంచి చదివాను. తగ్గిన రోజులేవో, పెరిగిన రోజులేవో చూసుకుందామని. తగ్గిన రోజుల్లో ఏం తిన్నానో తెలిస్తే అదే తిందామని, అంతకంటే ఏమీ లేదు.

యాభై ఎనిమిది నుంచి అరవై ఆరు దాకా తొమ్మిది వంతులు. ఒక్క పసుపు లేదు. అంతకు ముందు ఏ నాలుగు వంతులూ పసుపు లేకుండా గడవలేదు. ఆ తొమ్మిది రోజులూ నాడిగదికి తాళం ఉంది. పట్టీలు వాటంతట అవే చూసుకున్నాయి. నా చెవి నరంలో గమనించాల్సిందేదీ వాటికి కనబడలేదు.

మూడుసార్లు చదివాను. నాలుగోసారి చదవబుద్ధి కాలేదు.

వంతు 75

అడిగేశాను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

"అప్పా, నీకు జొరమొచ్చిన తొమ్మిది రోజులూ నా పట్టీ ఎలగనేదు."

"మంచిదే కదేటి."

"నువ్వు లేచిన పొద్దునే ఎలిగింది."

అప్ప పలక తుడుస్తోంది. అదే చోట తుడుస్తోంది.

"పసుపు నువ్వే పంపుతున్నావా?"

కాదంటుందనే అనుకున్నాను. కాదంటే నమ్మేద్దామని కూడా అనుకున్నాను.

"నువ్వు గోడ కాడ పడుకున్నావు, నూకా," అంది. "నువ్వు సెప్పకముందే నాకు తెలుసు. నీ నాడి నా పలక మీద అలాగ దిగిపోతంటే సూస్తా కూకున్నాను. అమ్మ ఎలాగ పోయిందో మరిసిపోయావేటి?"

"ఒక్కపాలి, అప్పా!"

"నీళ్ళు రాడానికి ఒక్కపాలి సాలదేటి? బాబుకి సెప్తే నీ తెడ్డు నాగీసుకుందురు. నీకు తెడ్డు తప్ప ఏటుందని? అందుకే సెప్పనేదు. భయమున్నోళ్ళకి నిద్ర రాదు. కొంచెం భయం పెట్టాను, అంతే."

"సెవిలో మోత? తల తిరుగుడు?"

"అవి నాను పెట్నేదు. అవి నీ భయం పెట్టింది. నిజంగా నీకేటీ నేదు. అమ్మ మీద ఒట్టు."

నాకేమీ లేదని ఆమె ఎన్నిసార్లు చెప్పిందో. ప్రతిసారీ అది నిజమే. నిజమని ఆమెకు తెలుసు. తెలిసే మర్నాడు పొద్దున్నే లేచి, ముఖం కడుక్కుని, ఐదున్నరకు నా ముంజేతికి పసుపు పంపేది. నేను ఏడుస్తూ పోతే బెల్లం ముక్క పెట్టేది. కంచే చేను మేసిందని విన్నాను గానీ, మేసి మళ్ళీ చేనునే ఓదార్చిందని ఎక్కడా వినలేదు.

"నా పేరు కింద ఏటి రాశావు?" అని అడిగాను. పలక నావైపు తిప్పింది. "చెవి మోత, తల తిరుగుడు. భయం వల్ల. పట్టించుకోనక్కర్లేదు." నలభై మూడు చోట్ల అదే మాట ఉంది. నేను అన్నిసార్లు నాడిగదికి ఎందుకొస్తున్నానో ఎవరైనా అడిగితే చూపించడానికి రాసుకుందట.

కాళ్ళు పట్టుకుంది. చెబితే తనను నాడిగదిలోంచి తీసేస్తారని, పట్టీలను ఎవరూ నమ్మరని, నిజంగా జబ్బొచ్చినవాళ్ళు కూడా చూపించుకోరని అంది. ఇకమీదట పంపనంది. సరే, చెప్పనన్నాను.

వంతు 79

పసుపు రావడం లేదు. మోత మాత్రం ఉంది. అబద్ధమని తెలిసినా చెవికి ఆ సంగతి ఎక్కలేదు. ఎవరో పిలిచి కూర్చోబెట్టిన చుట్టం, పొమ్మంటే పోవడం లేదు.

అప్ప ఎదురుపడితే నవ్వుతోంది, అంతా సర్దుకున్నట్టు.

వంతు 83

మూడో అర, తూర్పు గోడ, కింది వరస.

తెడ్డు ఆనించగానే ఈల. ఐదో అర గుర్తొచ్చింది, తెగిన చిక్కుడు తీగలు గుర్తొచ్చాయి. ఇది గోడది కాదు, భయానిది అని చెప్పుకున్నాను. తెడ్డు తీశాను, మోత ఉంది. తెడ్డు పెట్టాను, మోత ఉంది. దాని కింద ఇంకేదో ఉన్నట్టూ ఉంది, లేనట్టూ ఉంది.

అప్పుడు పళ్ళు బిగించాను. మోత పైకి లేచింది. దాని కిందనున్న ఈల లేవలేదు. వదిలాను. మోత దిగింది, ఈల అక్కడే ఉంది. పదిసార్లు చేశాను. నా దవడ చెప్పినట్టు వినేది నాది. విననిది గోడది.

కొర్లయ్య బాబు వచ్చి తెడ్డుకు చెవి పెట్టాడు. ఎల్లాజీ తాతను పిలిపించాడు. ఇద్దరికీ పంపుల హోరే వినబడింది. మూడో అరలో పద్నాలుగు కుటుంబాలు, యాభై ఒక్క మంది. విప్పాలంటే అందరినీ ఎత్తాలి. బాబు నాడిగది గుమ్మం ముందు నిలబడి పలక తెమ్మన్నాడు, చదివాడు, తలెత్తాడు.

"పైడితల్లీ, నువ్వు సెప్పు. ఈ పిల్ల సెవిని నమ్మొచ్చా?"

నేను అప్ప ముఖంలోకి చూశాను. అప్ప నావైపు చూడలేదు.

"భయమే బాబూ," అంది. "రాసే ఉంది కదా."

ఆ క్షణం నా చెవిలో మోత లేదు. గుండె దడ లేదు. తల తిరగలేదు. మొదటిసారి చేసింది నాకోసమని ఎలాగో మింగాను. ఇది తనకోసం చేసింది.

పన్నెండయింది. వంటసావిడి గుమ్మంలో తెడ్డు నిలబెట్టాను. వరసగా కూర్చున్నారందరూ, చేపల పులుసు వడ్డించి ఉంది. నావైపు చూశారు. నేను నోరు విప్పలేదు.

"అను, అమ్మా," అన్నాడు బాబు.

అనలేదు.

మొదట నవ్వారు, తర్వాత గొణిగారు. పులుసు మీద నూనె తెట్టు కట్టింది. ఒంటిగంటకు పిల్లలు ఏడుపు మొదలుపెట్టారు. మా అరుగు మీది ముసలమ్మలు నన్ను తిట్టిన తిట్లు ఈ పుస్తకంలో పట్టవు. ఒకటిన్నరకు బాబు ఎల్లాజీ తాత వైపు తిరిగాడు. "నువ్వనీరా, పనైపోద్ది."

తాత తల అడ్డంగా ఊపాడు. "దాని వంతు. దాని నోటంట రావాల. నానంటే అది మాటవదు బాబూ, కూతవుద్ది."

రెండింటికి అప్ప లేచి నా దగ్గరికి వచ్చింది.

"అనీయవే. పిల్లలు ఆకలికి ఏడుస్తన్నారు. నా మీది కోపం ఊరి మీద సూపిస్తావేటి?"

నడుముకు దోపుకున్న ఈ పుస్తకం తీసి ఆమె చేతిలో పెట్టాను.

"యాభై ఎనిమిదో వంతు కాణ్ణుంచి సదువు, గట్టిగా. నువ్వు సదువుతావా, నన్ను సదవమంటావా? నువ్వే కదా రాసుకోమన్నావు."

అప్ప చదవడం మొదలుపెట్టింది. ఎందుకు చదివిందో నాకు తెలియదు. నేను చదివితే ఇంకా చెడుగా వినబడుతుందనుకుందేమో. మొదట ముందు వరసకే వినబడింది. అరవయ్యో వంతు దగ్గర, "అప్పకు గంజి కాచాను" దగ్గర ఆగింది. ఆ తర్వాతి మాట కూడా చదవమన్నాను. చదివింది. "అప్ప లేకపోతే నాకెవరున్నారు." పుస్తకం మూసి, గుమ్మంలోనే కూలబడి, అందరికీ తానే చెప్పింది. పసుపు సంగతి, పలక సంగతి, పొద్దున బాబుకు చెప్పిన అబద్ధం సంగతి. నా కునుకు సంగతి కూడా చెప్పింది. చెప్పనివ్వు అనుకున్నాను.

బాబు లేచాడు. "మూడో అర కాళీ సేయండి" అని అరిచాడు.

వంతు 84

తూర్పు గోడ, కింది వరస, రెండో రేకు వెనక. జానెడు పొడుగు, వెంట్రుకంత మందం. దాని పొడవునా ఉప్పు తెల్లగా పేరుకుని ఉంది. ఇంకో మూడు రోజులు ఆగేది కాదని రేకులు విప్పినవాళ్ళు అన్నారు. మూడో అరలోవాళ్ళు వచ్చి ఒక్కొక్కరే నా చేతులు పట్టుకుని పోయారు. నిన్న తిట్టిన ముసలమ్మ వేయించిన చేప తెచ్చిపెట్టింది, తిట్లు వెనక్కి తీసుకోలేదు.

మోతనూ ఈలనూ విడదీసి చెప్పాను కాబట్టి తెడ్డు దించమనలేదు. కునుకుకు శిక్షగా మాత్రం నెల రోజులు ఎల్లాజీ తాత నా వెనకే తిరుగుతాడు. న్యాయమే. వినేవాళ్ళ ముంజేతి పట్టీలు తీసేశారు. నా చెయ్యి ఆ చోట తెల్లగా, పీలగా ఉంది.

వంతు 112

నాడిగదికి వేరే ఆవిడ వచ్చింది. అప్పను వంటసావిడిలో వేశారు. పొద్దున చేపలు తోముతుంది, మధ్యాహ్నం వడ్డిస్తుంది.

మోత పూర్తిగా పోలేదు. రెండు మూడు రోజులు అసలు ఉండదు, తర్వాత పలకరించి పోతుంది. నిన్న తల తిరిగితే మంచం కోడు పట్టుకుని నిలబడి, భయమా, నువ్వేననుకుని, తెడ్డు తీసుకుని పోయాను. కొత్తావిడ చెవిలో దీపం పెట్టి చూసి ఏమీ లేదంది. నమ్మడానికి ఇంకా కొన్నాళ్ళు పడుతుంది. ఆవిడ తప్పు కాదు.

ఇవాళ మాట పడ్డాక పళ్ళెం పట్టుకుని వరసలో నిలబడ్డాను. నా వంతు వచ్చేసరికి అప్ప గరిటె ఆపింది. చిక్కిపోయింది. చేతుల నిండా పొలుసులు. చాలా రోజులకు నా ముఖంలోకి చూసింది.

"నూకా," అంది. "సెవి ఎలాగుందే?"

చిన్నప్పటి గొంతే. జడ వేసేటప్పటి గొంతు. చెప్పాలనిపించింది. నిన్న తల తిరిగిందనీ, పళ్ళు బిగించి చూసుకున్నాననీ, కొత్తావిడ బెల్లం పెట్టదనీ చెప్పాలనిపించింది.

"గోడ సల్లగుంది," అన్నాను.

ఇంకేమైనా అంటానేమోనని గరిటె పట్టుకుని నిలబడింది. వెనక వరసలో ఎవరో తొందరపడ్డారు. నేను పళ్ళెం చాపాను.